యాత్రకు ముందు యాత్ర

కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు అనేవారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెంట పెద్ద పరివారాన్నీ, డేరాలనూ తీసుకొని వెళ్ళారు. నేడు విమానాలున్నాయి, దారి చూపే గైడు ఉంటాడు. ఇక సొమ్ము కడితే చాలునన్న ధీమా మనకు కలుగుతుంది. ఆ ధీమా ఎంత అసంపూర్ణమో, మా అమ్మ కైలాస మానససరోవర యాత్రకు సిద్ధమైన రోజుల్లో నాకు బోధపడింది.

మాది పరిగి. మల్బరీ ఆకు కోసి, పట్టుపురుగులను మేపి, గూళ్ళను హిందూపురం మార్కెట్టుకు పంపి అమ్మ మమ్మల్ని పెంచింది. అరవై మూడేళ్ళ వయస్సులో, కూడబెట్టిన సొమ్ముతో కైలాసం చూడాలన్నది ఆమె కోరిక. 2020లో ఆగిపోయిన ఆ యాత్ర 2025లో మళ్ళీ మొదలైంది. ఆ యేడు మన ప్రభుత్వం పంపినవారు 750 మంది మాత్రమే. వారిని లాటరీ ద్వారా ఎంపిక చేశారు. అందుచేత నేపాల్ మీదుగా యాత్రికులను తీసుకొనిపోయే ప్రైవేటు సంస్థలను ఆశ్రయించాము.

మూడు సంస్థలను మేమొకటే ప్రశ్న అడిగాము: "ఏ రాత్రి ఎంత ఎత్తున బస?" పరిగి సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. మానససరోవరం సుమారు 4,590 మీటర్లు. పరిక్రమలో దాటవలసిన డోల్మా కనుమ 5,600 మీటర్లకు పైమాటే. అక్కడ ఒక్కొక్క శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో ఇంచుమించు సగమే. 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగరాదనీ, మధ్యమధ్య విశ్రాంతిదినం ఉండాలనీ వైద్యులు చెబుతారు. అన్నింటికంటె చౌకైన సంస్థ పట్టికలో విశ్రాంతిదినమే లేదు. ధర తగ్గిన చోట ఏది తగ్గిందో అప్పుడు తెలిసింది. దానిని వదలుకున్నాము.

పాస్‌పోర్టుకు గడువు కనీసం ఆరు నెలలుండేటట్లు చూసుకున్నాము. సమూహ వీసాలో బృందంలోని వారందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి. అందరూ కలిసి వెళ్ళి కలిసి రావాలి. అందువలన మధ్యలో ఒకరు వెనుదిరిగితే తోడెవరు, ఖర్చెవరిది అన్న సంగతులను ఒప్పందంలో వ్రాయించాము. అంత ఎత్తు నుండి హెలికాప్టరులో తరలించే ఖర్చును కూడా భరించే బీమానే ఎంచుకున్నాము. అమ్మకు తెలుగు, కన్నడం తప్ప మరో భాష రాదు. ఆమె రక్తవర్గం, రక్తపోటు మందుల పేర్లు, మా ఫోను నంబరు ఇంగ్లీషులోను, చైనా భాషలోను వ్రాయించి మెడసంచిలో ఉంచాము.

వైద్యుడు గుండెను పరీక్షించి అనుమతించాడు. మూడు నెలలు అమ్మ చెరువుకట్ట మీద నడిచింది. ఆదివారాలు పెనుకొండ కొండ ఎక్కింది. కాళ్ళు శ్రమకు అలవాటుపడ్డాయి. అయితే పలుచని గాలి ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో ముందుగా ఎవరూ చెప్పలేరు. బాధ ముదిరితే కిందికి దిగడమే అసలైన చికిత్స.

అందుకే చివరిగా అమ్మను ఒక మాట అడిగాను: "గైడు వెనుదిరగమంటే తిరుగుతావా?" ఆమె చాలాసేపు మాట్లాడలేదు. జన్మమంతా దాచుకున్న కోరికను కనుమ అంచున విడిచిపెట్టగలవా అని అడగడమే అది. "సరస్సు దర్శనమైతే చాలు నాయనా. శివుడు కొండ అవతలే ఉంటాడా?" అన్నది చివరకు.

మందులు, ఉన్నిబట్టలు, కాగితాలు ఎవరైనా సర్దిపెట్టవచ్చు. ఎక్కడ ఆగాలో ఇంటి దగ్గరే నిశ్చయించుకోవడం మాత్రం యాత్రికుడే చేసుకోవలసిన పని. ఆ నిశ్చయం కుదిరిన తరువాతనే మేము సొమ్ము కట్టాము.