హైదరాబాద్ రోడ్డు మీద ఊగిన బండి

మన సోలాపురం తెలుగోళ్లకు హైదరాబాద్ రోడ్డు అంటే సొంతూరి తోవ. పూనా నుంచి మచిలీపట్నం దాకా పోయే ఈ 65వ నంబరు హైవే మీదనే పెండ్లికైనా, చావుకైనా పోవాలె. బస్సులో ఎన్నిసార్లు పోయి వచ్చానో లెక్క లేదు. మనింటి పిల్లగాడి కారులో పోయింది మాత్రం మొన్నటి కార్తీకంలోనే. ఆ ప్రయాణంలో నేనొక తప్పు చేశాను. చెప్పుకుంటే పదిమందికి పనికొస్తుందని రాస్తున్నా.

మా మేనల్లుడు నిన్నటిదాకా టవళ్ల కార్ఖానాలో సాంచెలు నడిపాడు. పని తగ్గిపోయింది. కిరాయికి తిప్పుకుందామని అప్పు చేసి పాత కారు కొన్నాడు. మా చెల్లె బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలు కూడా అందులో ఉన్నాయి. సిద్దిపేట దగ్గర మావాళ్ల పెండ్లి ఉంటే విడి ఘర్కుల్ నుంచి తెల్లవారకముందే బయలుదేరాం. ముందు నేను, వెనక మా చెల్లె, మా ఇంటామె, వాళ్ల మధ్య పెండ్లికి పెట్టే చాదర్ల మూట.

ఊరు దాటి స్పీడు అందుకోగానే బండికి నిలకడ పోయింది. పక్కనుంచి లారీ పోతే చాలు, ఇటు జరిగేది. వాడు సరిచేస్తే అటు ఇంకా ఎక్కువ జరిగేది. "పాము లెక్క పోతున్నది కదరా" అంది చెల్లె. నల్దుర్గ్ ఇంకా రాకముందే ఒక ట్యాంకర్ మా అద్దానికి జానెడు దూరంలో పోయింది. నాకు నోరు ఆగలేదు.

"రాత్రి తాగినవా? నీ చెయ్యే నిలుస్తలేదు. నీకు లైసెన్సు ఎవడిచ్చిండురా?"

"లేదు మామా. వారం సంది బండే గిట్ల చేస్తున్నది" అన్నాడు మెల్లగా. మళ్లీ మాట్లాడలేదు. వెనక చెల్లె కొంగుతో కండ్లు ఒత్తుకుంది. తాగుడు మాట నా నోట వచ్చినందుకో, అప్పు గుర్తొచ్చో.

నల్దుర్గ్‌లో చాయ్‌కి ఆగాం. అక్కడి కోట మీలో చాలామంది చూసే ఉంటారు. బోరి నదికి అడ్డంగా ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో కట్టిన రాతికట్ట, ఆ కట్ట కడుపులో పానీ మహల్. వానాకాలం నీళ్లు పైనుంచి దుంకుతుంటే చూడటానికి జనం ఎగబడతారు. ఆ రోజు మాకు లోపలికి పోయే మనసు లేదు. చాయ్ గ్లాసు పట్టుకుని బండి పక్కన కూర్చున్నా.

అప్పుడు కనబడింది ముందు టైరు. బయటివైపు గీతలు బాగానే ఉన్నాయి, లోపలివైపు అంచు నున్నగా అరిగిపోయింది. మీద అడ్డంగా అరచెయ్యి రాశాను. ఒకవైపు రాస్తే మెత్తగా పోతోంది, తిప్పి రాస్తే రంపం పండ్లలా తగులుతోంది. రెండో టైరుదీ అదే తీరు. నేరుగా దొర్లే చక్రం ఇట్లా అరగదు, పక్కకు ఈడ్చుకుపోతేనే అరుగుతుంది.

"ఎక్కడన్న గుంతలో పడ్డదా?" అని అడిగా.

"వానలప్పుడు అక్కల్‌కోట్ రోడ్డు మీద గట్టిగ పడ్డది మామా. అప్పటిసంది నేరుగ పోతున్నా స్టీరింగ్ వంకరగనే ఉంటది. నేనే పట్టుకొని నడుపుతున్న."

నాకు తల కొట్టేసినట్టయింది. మిల్లులో ముప్పై ఏండ్లు జాబర్ పని చేసినవాణ్ని. బట్ట వంకర వస్తే నేసేవాణ్ని తిట్టకముందు సాంచె చూడాలని అందరికీ చెప్పినవాణ్ని. బండి విషయంలో ఆ మాట నాకే యాదికి రాలేదు.

మెల్లగా ఉమర్గా దాకా పోయి ఒక మెకానిక్ దగ్గర ఆపాం. ముసలాయన తొందరపడలేదు. ముందు నాలుగు టైర్ల గాలి చూశాడు, ఒకవైపు గాలి తక్కువున్నా బండి అటే గుంజుతుందని. చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూశాడు, బ్రేకు పట్టేసి ఉందేమోనని. తర్వాత జాకీ వేసి చక్రాన్ని పైనా కిందా, కుడీ ఎడమా పట్టి ఊపాడు. ఎక్కడా లూజు లేదు. అప్పుడు దారం తీసి రెండు ముందు టైర్ల మధ్య దూరాన్ని ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలిచాడు. ముందువైపు 9 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. ఈ బండికి దాదాపు సమానంగా ఉండాలట, మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా.

బండి కిందికి దూరి చూస్తే ఎడమవైపు టై రాడ్ వంగి ఉంది. స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ అది. మా బండిలో చక్రాల ఇరుసు వెనకవైపు ఉంటుంది. వంగిన కడ్డీ పొట్టిదైంది, చక్రం వెనకభాగాన్ని లోపలికి గుంజింది, ముందుభాగం బయటికి తెరుచుకుంది. రెండు చక్రాలూ చెరో దిక్కు పోదామంటుంటే బండి నేరుగా ఎట్లా పోతుంది? ఒక చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నా కిలోమీటరుకు 8 మీటర్లకు పైగా పక్కకు ఈడ్చినట్టే. టైరు అరగక ఏమైతది?

వంగిన రాడ్డును సాగగొట్టి వాడొద్దని, అది నడిరోడ్డు మీద విరగొచ్చని చెప్పి కొత్తది వేశాడు. దారంతోనే సరిచేసి, "జహీరాబాద్‌లో మెషీన్ మీద చూపించుకోండి, అందాక స్పీడు వద్దు" అన్నాడు.

హుమ్నాబాద్ మీదుగా నిదానంగా పోయాం. మరాఠీ బోర్డులు పోయి కన్నడం, కన్నడం పోయి తెలుగు వచ్చింది. జహీరాబాద్‌లో అలైన్‌మెంట్ చేయించి, బాగా అరిగిన టైరు తీసి స్టెప్నీ వేయించాం. ఆ షాపు పిల్లగాడు ఒక తేడా చెప్పాడు: ఒక స్పీడు దగ్గర మాత్రమే స్టీరింగ్ వణికితే అది ఎక్కువగా బ్యాలెన్సింగ్ లోపం, బండి పక్కకు గుంజినా, నిలకడ లేకపోయినా అలైన్‌మెంట్ చూపించాలి. నీళ్లు పోవడానికి రోడ్డు అంచుకు వాలుగా ఉంటుంది గనుక కొంచెం ఎడమకు జరగడం మామూలేనట.

సంగారెడ్డి దాకా బండి గీత గీసినట్టు పోయింది. లారీలు దాటినా కదల్లేదు. అప్పుడన్నాను, "అల్లుడా, పొద్దున అన్న మాట తప్పు. నీ చెయ్యి మంచిదే. ఆ చెయ్యే మమ్మల్ని ఇందాక తెచ్చింది."

వాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. "గుంతల పడ్డనాడే చూపిచ్చుకోవాల్సింది మామా. నాదీ తప్పే."

మన బస్తీల్లో ఇప్పుడు చాలామంది పిల్లలు సాంచె వదిలి స్టీరింగ్ పట్టారు. బండి గట్టిగా గుంతలో పడితే, టైరు ఒక అంచే అరిగితే, స్టీరింగ్ వంకరగా నిలిస్తే, చేత్తో సర్దుకుంటూ నడపకండి. వెంటనే చూపించండి. పెద్దలకూ ఒక మాట. పిల్లగాణ్ని అనేముందు కిందికి వంగి ఒకసారి టైరు మీద చెయ్యి రాయండి.