అవ్వ ఊరికి పోయే సైకిలు

మా ఇంట్లో కొత్త సైకిలు కొన్నది పందేలకోసమో షికారుకోసమో కాదు. మా అవ్వకోసం. మా నాయన తల్లి పొల్లాచ్చి దాటినాక 7 కిలోమీటర్లు లోపలికి ఉండే ఒక చిన్న ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. రెండు ఆవులున్నాయి, నాలుగు కొబ్బరిచెట్లున్నాయి. వాటిని విడిచి కోయంబత్తూరుకు రానంటుంది. పోయిన ఏడు ఆవులకొట్టంలో జారిపడితే సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. అప్పటినుంచి నెలకు రెండుసార్లయినా ఎవరో ఒకరు పోయి చూసి రావాలని మా ఇంట్లో అనుకున్నారు. నాయనకు వర్క్‌షాపులో ఆదివారం కూడా పని ఉంటుంది. ఆ ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అందుకే నేను "సైకిల్లో నేను పోతాను" అన్నాను.

అమ్మ ఒప్పుకోలేదు. పీళమేడులో ఉండే మా ఇంటినుంచి అవ్వ ఊరికి 55 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దారంతా లారీలు. పదో తరగతి చదివే ఆడపిల్ల పోవడమేంటని చుట్టాలు కూడా అన్నారు. పది రోజులు మాటలు నడిచినాక అమ్మ మూడు షరతులు పెట్టింది. ఒకటి, చిన్నాయన తన సైకిల్లో తోడు రావాలి. రెండు, తెల్లవారుజామున బయలుదేరాలి, ఆ రాత్రి అవ్వ దగ్గరే ఉండాలి, చీకట్లో తొక్కకూడదు. మూడు, దారిలో ఏం చెడిపోయినా నేనే బాగుచేసుకోవాలి. "చిన్నాయన చెయ్యకూడదు, నువ్వు చెయ్యాలి. అది నా కళ్ళతో చూస్తేనే పంపుతాను" అంది. ఈ వ్యాసం ఆ మూడో షరతు గురించే.

దీపావళి బోనసు డబ్బు ఎత్తిపెట్టి నాయన దూరప్రయాణపు సైకిలు కొన్నాడు. ఉక్కు ఫ్రేము, వెడల్పు టైర్లు, వెనక గట్టి క్యారియరు, 16 గేర్లు. అది ఒక పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. ముందు చక్రం, హ్యాండిలు, సీటు, పెడళ్ళు విడిగా ఉన్నాయి. కొట్టుకు తీసుకుపోయి బిగించుకుందామా అని నేను అడిగితే నాయన, "జి.డి. నాయుడుగారు మోటారుసైకిలు ఎట్లా నేర్చుకున్నారు?" అని ఎదురు అడిగాడు.

కోయంబత్తూరులో ఉండే తెలుగువాళ్ళకు ఆ కథ తెలియనిది కాదు. జి.డి. నాయుడు 1893లో సూలూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో పుట్టారు. చిన్నతనంలో ఒక దొర నడిపిన మోటారుసైకిలు చూసి ఆశపడ్డారు. కోయంబత్తూరుకు వచ్చి హోటల్లో పని చేసి, 300 రూపాయలు కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొని మొదట చేసిన పని దాన్ని విప్పడం. ఏ ముక్క ఎందుకో తెలుసుకుని మళ్ళీ బిగించారు. ఆయనే 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి బస్సు నడిపారు. మేం పోవలసిన దారి కూడా పొల్లాచ్చికే కాబట్టి, పెట్టె మన ఇంట్లోనే విప్పుదామని నాయన అన్నాడు.

బిగించేటప్పుడు నేర్చుకున్నవి వరసగా చెప్తాను. మొదటిది పెడళ్ళు. రెండు పెడళ్ళూ ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకటి కాదు. కుడిపక్కది మామూలు మరలాగే గడియారపు ముల్లు తిరిగే వైపు బిగుస్తుంది. ఎడమపక్కది దానికి తారుమారు. మనం తొక్కేటప్పుడు పెడలు ఊడిపోకుండా ఉండాలనే ఎడమపక్క మరను తిరగేసి కోస్తారు. ఇరుసు కొనమీద ఎడమ, కుడి అని గుర్తు ఉంటుంది. బిగించే ముందు మరకు కొంచెం గ్రీసు పూయాలి. పూయకపోతే ఏడాది తరువాత ఊడదీయడం కష్టం.

రెండోది హ్యాండిలు. పైన మూతలో ఒక బోల్టు, పక్కన రెండు బోల్టులు ఉంటాయి. పక్క బోల్టులు వదులుగా పెట్టి, ముందు పై బోల్టు బిగించాలి. అది హ్యాండిలును పట్టుకోవడానికి కాదు, లోపలి బేరింగుల ఆట తీయడానికి. ఆ తరువాత హ్యాండిలును చక్రానికి నేరుగా పెట్టి పక్క బోల్టులు బిగించాలి. సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకీ వెనక్కీ ఊపాలి. టక్ టక్ అంటే ఇంకా వదులు. హ్యాండిలు తిప్పితే బరువుగా ఉంటే మరీ బిగువు. ఇది చూసి నాయన, "బోల్టు గట్టిగా ఉండేది గొప్ప కాదు, సరిగ్గా ఉండాల" అన్నాడు. ఆయన లేతు మీద పని చేసే మనిషి. ఎక్కువ బిగిస్తే మర అరిగిపోయి బోల్టు తిరుగుతూనే ఉంటుందని ఆయనకు బాగా తెలుసు.

సీటు ఎత్తుకు ఒక సులువు ఉంది. సీటు మీద కూర్చుని, పెడలు కిందికి వచ్చినప్పుడు మడమ దానిమీద పెడితే కాలు నేరుగా చాచినట్టు ఉండాలి. అప్పుడు మునిపాదంతో తొక్కితే మోకాలు కొంచెం వంగుతుంది. సీటు తక్కువగా ఉంటే 50 కిలోమీటర్లకు మోకాళ్ళు నొప్పెడతాయి. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది, ఆ గీత బయటికి కనిపించేంత పైకి లాగకూడదు.

బ్రేకు కట్టలు రిమ్ముకే తగలాలి, టైరుకు తగలకూడదు. టైరుకు తగిలితే కొన్ని వారాల్లో టైరు పక్క చీలిపోతుంది. గేర్లకు వెనక రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. ఒకటి గొలుసు చిన్న పళ్ళచక్రం దాటి బయటికి పడకుండా, ఇంకొకటి పెద్ద పళ్ళచక్రం దాటి చక్రపు ఆకుల్లోకి పడకుండా ఆపుతుంది. ఈ రెండోది వదులైతే ప్రమాదం. ఎత్తు ఎక్కేటప్పుడు గొలుసు ఆకుల్లో చిక్కి చక్రం నిలిచిపోతుంది. స్టాండు మీద పెట్టి పెడలు చేత్తో తిప్పుతూ ఒక్కొక్క గేరూ మార్చి చూశాను. గేరు మారడానికి తడబడితే తీగ బిగించే చిన్న పిడిని అర చుట్టు తిప్పితే చాలు. కొత్త తీగ మొదటి కొన్ని వారాలు సాగుతుంది కాబట్టి ఈ పని రెండు మూడుసార్లు చెయ్యవలసి వస్తుంది.

పైన "చక్రపు ఆకులు" అని రాశాను కదా. ఆ మాట నాకు అవ్వ చెప్పింది. సైకిలుతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. కొట్టులో అన్నీ తమిళంలో చెప్తారు. ఫోనులో అవ్వకు సైకిలు సంగతి చెప్పేటప్పుడు నేను స్పోక్ అంటే ఆమెకు అర్థం కాలేదు. "చక్రం నడుమనుంచి చుట్టూ పోతాయే, ఆ కమ్మీలు" అన్నాను. "వాటిని ఆకులంటారు అమ్మణీ. నడుమ ఉండేది ఇరుసు" అంది. గ్రీసు అన్నప్పుడు నవ్వింది. "అది కందెన. మా నాయన ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసేవాడు. వెదురు గొట్టంలో పోసి బండికింద ఏలాడగట్టేవాడు" అంది. కందెన అనే మాట మనం బడిలో చదివే సుమతీ శతకంలో ఉంది. నేను దాన్ని పరీక్షకోసం అర్థాల వరసలో చదువుకున్నాను. అవ్వ అక్షరం చదవలేదు, కానీ ఆమెకు ఆ మాట చేతి పని. మన పెద్దలు నాయకరాజుల కాలంలో ఎడ్లబండ్లలో ఈ దిక్కుకు వచ్చారని ఇంట్లో చెప్తారు. ఆ బండ్లకు ఉండిన మాటలు ఈ సైకిలుకూ సరిపోయాయి. నా నోటుపుస్తకంలో ఇప్పుడు సైకిలు ముక్కల పేర్లు మూడు వరసల్లో ఉన్నాయి: తెలుగు, తమిళం, ఇంగ్లీషు. కొన్నిటికి తెలుగు వరస ఖాళీగానే ఉంది.

తరువాత అమ్మ పరీక్ష. వెనక చక్రం పంచరు వేయాలి. ముందు చక్రం సులువు, వెనకదానికి గొలుసు ఉంటుంది కాబట్టి అమ్మ కావాలనే వెనకది చెప్పింది. గొలుసును చిన్న పళ్ళచక్రం మీదికి తెచ్చి, బ్రేకు విప్పి, చక్రం తీయాలి. ట్యూబు బయటికి తీసి గాలి కొట్టి నీళ్ళబకెట్టులో ముంచితే బుడగలు వస్తాయి. చోటు గుర్తుపెట్టి, తుడిచి, ఉప్పుకాగితంతో గరుకు చేసి, సొల్యూషన్ పూసి ఆగాలి. తడిగా ఉండగానే అతికిస్తే నిలవదు. వేలితో తాకితే అంటుకునీ అంటుకోనట్టు ఉన్నప్పుడు ప్యాచ్ వేసి నొక్కాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, టైరు లోపల గుడ్డతో తడిమి ముల్లు వెతికి తీయడం. అది తీయకపోతే కొత్త ట్యూబు కూడా పదినిమిషాల్లో పోతుంది. మన పక్క రోడ్డు ఓరంతా సర్కారు తుమ్మ, తమిళంలో సీమైకరువేలం అనేదే. దాని ముల్లు విరిగి కొన లోపలే ఉండిపోతుంది. అమ్మ గడియారం పెట్టుకుని వాకిట్లో నిలబడింది. మొదటిసారి 50 నిమిషాలు పట్టింది. మూడో ఆదివారానికి 25 నిమిషాలు. "సరే" అని ఒక్క మాట అని లోపలికి పోయింది.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున 5 గంటలకు బయలుదేరాం. క్యారియరుకు రెండు పక్కలా రెండు సంచులు. బరువు రెండు పక్కలా సమంగా, కిందికి ఉండేటట్టు పెట్టాలి. ఒక పక్క బరువైతే సైకిలు ఆ పక్కకు లాగుతుంది. అవ్వ బీపీ మాత్రలు, ఒక స్పేర్ ట్యూబు, పంపు, టైరు లివర్లు, షట్కోణపు తాళాలు, నీళ్ళు. ఉక్కడం, ఈచ్చనారి దాటి మలుమిచ్చంపట్టి వచ్చేటప్పటికి తెల్లవారింది. ఆ తరువాత కుడిపక్కనుంచి గాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పాలక్కాడు కనుమలోనుంచి పడమటి గాలి ఈ దిక్కుకు తోసుకొస్తుంది. నీలగిరికీ ఆనమలకూ నడుమ కొండలు తెగిపోయిన చోటు అది. మాకు ఎదురుగాలి కాదు, అడ్డగాలి. లారీ పక్కనుంచి దాటేటప్పుడు ఒక్క క్షణం గాలి ఆగుతుంది, దాటగానే మళ్ళీ తోస్తుంది. హ్యాండిలు గట్టిగా పట్టుకుంటే సైకిలు ఊగుతుంది. భుజాలు వదులుగా పెట్టి, గేరు తగ్గించి నిదానంగా తొక్కాలని చిన్నాయన చెప్పాడు.

కినత్తుకడవు దాటినాక వెనక టైరు మెత్తబడింది. చిన్నాయన సైకిలు దిగి చెట్టుకింద కూర్చున్నాడు. చెయ్యి పెట్టలేదు. చిన్న ఇనుపతీగ ముక్క గుచ్చుకుని ఉంది. దాన్ని తీసి, స్పేర్ ట్యూబు వేసి, గాలి కొట్టేటప్పటికి 20 నిమిషాలు. చిన్నాయన అమ్మకు ఫోను చేసి, "నేను నీళ్ళు తాగినాను వదినా, అంతే" అన్నాడు.

అవ్వ గడపలోనే నిలబడి ఉంది. మాత్రలు చూస్తే ముందు నెలవి సగం అట్లాగే ఉన్నాయి. ఏ పూటది ఏదో తెలియక రెండు రోజులకు ఒకటి వేసుకుంటున్నట్టు ఉంది. నేను ఏడు రోజులకూ విడివిడిగా కాగితం పొట్లాలు కట్టి, పొద్దుటివాటికి సూర్యుడి బొమ్మ, రాత్రివాటికి చంద్రుడి బొమ్మ వేశాను. ఫోనులో అడిగితే ప్రతిసారీ "వేసుకుంటాండాను" అనే అనేది. పోయి చూడకపోతే ఈ సంగతి మాకు తెలిసేది కాదు.

ఇప్పటికి అయిదుసార్లు పోయి వచ్చాం. సైకిలుకు నేను చేసే పనులు ఇవి.

బయలుదేరే ప్రతిసారి: రెండు టైర్ల గాలి, రెండు బ్రేకులు, చక్రాల బిగింపు, క్యారియరు బోల్టులు. గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. బరువు వెనక ఉంటుంది కాబట్టి వెనక కొంచెం ఎక్కువ.

తిరిగి వచ్చినాక: గొలుసు పొడిగుడ్డతో తుడవడం. పొల్లాచ్చి పక్క కొబ్బరిపీచు మిల్లుల దుమ్ము గొలుసుకు పడుతుంది. నూనె ఎక్కువైతే దుమ్ము అంటుకుని ఉప్పుకాగితంలాగా పళ్ళను అరగదీస్తుంది. అందుకని ఒక్కొక్క కణుపుకు ఒక్కొక్క చుక్క వేసి, కాసేపు ఆగి, పైన మిగిలిన నూనె అంతా తుడిచేస్తాను. నూనె లోపల ఉండాలి, పైన కాదు.

నెలకొకసారి: స్టీలు స్కేలుతో గొలుసు కొలవడం. కొత్త గొలుసులో 24 కణుపులు సరిగ్గా 12 అంగుళాలు. అది అంగుళంలో పదహారో వంతు ఎక్కువైతే గొలుసు మార్చాలి. మార్చకపోతే పళ్ళచక్రాలు కూడా పోతాయి, ఖర్చు మూడింతలు. తరువాత ఆకులను వేలితో మీటి చూడాలి. ఒకే పక్కవి ఇంచుమించు ఒకే శబ్దం ఇవ్వాలి. ఒకటి మొద్దుగా మోగితే అది వదులైనట్టు. ఆ పని మాత్రం కొట్టులో పెద్దాయనకు ఇస్తాను, పక్కన నిలబడి చూస్తాను. చక్రం నేరుగా కట్టడం నాకింకా చేతకాదు.

వచ్చే ఏడు ప్లస్ వన్‌కు పోయేవాళ్ళలో చాలామందికి ప్రభుత్వం సైకిలు ఇస్తుంది. అవి ఏడాదికే తుప్పుపట్టి గోడకు ఆనించి ఉండడం మన వీధుల్లో చూస్తూనే ఉన్నాం. చాలావాటికి పెద్ద జబ్బు ఏమీ ఉండదు. గాలి, కందెన, నాలుగు బోల్టులు. శనివారం బడి వదిలినాక ఎవరైనా సైకిలు తెస్తే నా దగ్గర ఉండే తాళాలు, పంపు తెస్తాను, కలిసి చూద్దాం. బకెట్టు, నీళ్ళు బడిలో ఉన్నాయి. మీ ఇంట్లో అవ్వో తాతో ఉంటే సైకిలు ముక్కల పేర్లు అడిగి రాసుకుని రండి. నా పుస్తకంలో తెలుగు వరసలో ఇంకా పదకొండు ఖాళీలు ఉన్నాయి.