పుట్టింటికి వచ్చిన గిటారు

టోక్యోలో టీ నీళ్ళ పేరు పెట్టుకున్న పేట ఒకటుంది. ఒచానొమిజు. అంటే 'టీకి నీళ్ళు' అని. వెనకటికి ఇక్కడి గుళ్ళో ఊట నీళ్ళు షోగన్ గారి టీకి వెళ్ళేవట. ఇప్పుడు ఊటా లేదు, షోగనూ లేడు. గిటార్లున్నాయి. స్టేషన్ దగ్గర నుంచి మెయ్‌దాయ్ దోరి అనే రోడ్డు మెయ్‌జి విశ్వవిద్యాలయం పక్కగా పల్లానికి దిగుతుంది. ఆ పల్లం పొడుగునా రెండు వైపులా గిటారు కొట్లే. మన సుల్తాన్ బజార్లో చీరలు వేలాడినట్టు అద్దాల వెనక గిటార్లు వేలాడుతుంటాయి.

నాకు గిటారు వాయించటం రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. చెప్పకుండా కొట్లోకి వెళ్ళి పడిన అవస్థ తర్వాత చెబుతాను.

గిటారు మా అన్నయ్యది. రాజమండ్రిలో అన్నయ్యకి రేడియో, టేపురికార్డరు రిపేరు షాపు ఉండేది. పగలు షాపు, రాత్రి ఆర్కెస్ట్రా. 1983లో కాకినాడ రేవుకొచ్చిన ఓడలో పనిచేసే ఒకాయన దగ్గర ఈ గిటారు కొన్నాడు. సైకిలమ్మాడు, చాలక అప్పు చేశాడు. దాని తల మీద 'గ్రెకో' అని ఉంటుంది. జపాన్‌లో కాందా షోకాయ్ అనే సంస్థ బ్రాండు అది. తయారైంది నగానో ప్రాంతంలోని మత్సుమోతో ఊళ్ళో, ఫుజిగెన్ ఫ్యాక్టరీలో. అమెరికా వాళ్ళ ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కి అచ్చుగుద్దినట్టున్న నకలు. 1970ల్లో జపాన్ వాళ్ళు ఇలాంటివి ఎంత బాగా చేశారంటే, ఇప్పుడు ఆ నకళ్ళనే వెతుక్కుని కొంటున్నారు.

స్ట్రాట్ రకం గిటారు పొట్ట మీద మూడు పికప్‌లుంటాయి. తెల్ల ప్లాస్టిక్ మూతలో ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వెంట్రుకంత రాగి తీగ దాదాపు 8 వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. గిటారు పాటంతా అంతే. అయితే ఆ చుట్టకి మంచీ చెడూ తెలియదు. పందిట్లో ట్యూబ్‌లైట్ల చోకులు, జనరేటరు, సీరియల్ సెట్లు, అన్నింటి రొదనీ అదే నోటితో మింగి ఆంప్లిఫయరు లోంచి గుయ్యిమంటుంది. దాన్నే హమ్ అంటారు.

1997లో ఒక జాతరలో, ప్రోగ్రాం మధ్యలో, బ్రిడ్జి దగ్గరి పికప్ చచ్చిపోయింది. అన్నయ్య మిగతా రెండింటితో లాక్కొచ్చాడు. జనం ఎవరూ కనిపెట్టలేదు. ఆ కనిపెట్టకపోవడమే తనకి ఎక్కువ నొప్పి అనుకుంటాను. ఆ తర్వాత ఎక్కువ రోజులు వాయించనూ లేదు. కీబోర్డులొచ్చాయి. "కీబోర్డులోనే గిటారు మీట ఉంది కదండీ" అన్నారు. గిటారు అటకెక్కింది.

ఈ మాఘమాసంలో అన్నయ్య చిన్న కూతురి పెళ్ళి. పాత ఆర్కెస్ట్రా వాళ్ళంతా వచ్చి ఒక గంట వాయిస్తామన్నారు. నేను కిందటిసారి ఊరెళ్ళినప్పుడు అన్నయ్య అటక మీంచి పెట్టె దించి నా ముందు పెట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టిన చేతులవి. ఇదీ చుట్టుకునేవాడే. "చెయ్యి వణుకుతోందిరా. ఆ తీగ పట్టుకోలేకపోతున్నా. దీన్ని ఒకసారి పుట్టింటికి తీసుకెళ్ళు" అన్నాడు. రెండు షరతులు పెట్టాడు. గుయ్యిమనే చప్పుడు పోవాలి. గొంతు మాత్రం మారకూడదు.

మన తెలుగువాళ్ళు చాలామంది ఉండే నిషి కసాయిలో నా కాపురం. డిసెంబరులో ఒక శనివారం తోజాయ్ లైనెక్కి, ఒతెమచిలో మరునోఉచి లైను మారాను. ఈ మెట్రో రైలు ఒచానొమిజు ముందు చటుక్కున నేల పైకొచ్చి, కాందా నదిని దాటి మళ్ళీ బిలంలోకి దూరుతుంది. ఆ రెండు మూడు క్షణాల కోసం తలుపు దగ్గర నిలబడతాను ఎప్పుడూ. స్టేషన్ బయటికొచ్చి వంతెన దాటితే మెయ్‌దాయ్ దోరి.

మొదటి కొట్లో అడుగుపెట్టేసరికి కుర్రాడు వంగి నమస్కారం పెట్టి, పికప్‌ల గురించి అడగ్గానే ఒక గిటారు తీసి నా ఒళ్ళో పెట్టాడు. "ఇందులో ఆ పికప్‌లే ఉన్నాయి, వాయించి చూడండి" అని. వెనక నలుగురు కాలేజీ పిల్లలు. వాళ్ళలో ఒక పిల్ల వేళ్ళు చూస్తే వీణ మీద పరిగెత్తినట్టున్నాయి. నేను ఒక తీగని ఒక్కసారి మీటి, తల పంకించి, "బావుంది" అని గిటారు తిరిగిచ్చేశాను. కుర్రాడి మర్యాద గొప్పది, నవ్వలేదు.

పికప్‌ల అర ముందు నిలబడితే మతిపోతుంది. ప్రతి డబ్బా మీదా వెచ్చన, తియ్యన, గాజులాంటి స్పష్టత అనే రకం మాటలు, తేనె సీసాల మీద రాసినట్టు. 1972లో డిమార్జియో వాళ్ళ సూపర్ డిస్టార్షన్ వచ్చాక, ఉన్న పికప్ తీసి కొత్తది వేసుకునే అలవాటు బాగా ముదిరింది. 1976లో కాలిఫోర్నియాలో సీమూర్ డంకన్ కంపెనీ వచ్చింది. ఇక్కడ టోక్యోలో ఇఎస్పీ కూడా 1975లో గిటారు విడిభాగాల షాపుగా మొదలైందే. యాభై ఏళ్ళుగా ఇంతమంది ఇన్ని రకాలు చుడుతూనే ఉన్నారు.

హమ్ లేని సెట్టు ఒకటి చూశాను. పైకి మామూలు పికప్‌లాగే ఉంటుంది, లోపల ఒక చుట్ట కింద ఇంకో చుట్ట దాక్కుని హమ్‌ని తినేస్తుంది. మూడూ కలిపి దగ్గరదగ్గర 50 వేల యెన్లు. మన లెక్కలో పాతిక వేల రూపాయలకు పైమాటే. నిజం చెప్పాలంటే, ఖరీదు చూసే నచ్చింది. సైకిలమ్మి కొన్న గిటారుకి తమ్ముడు టోక్యో నుంచి ఖరీదైన సామాను వేయించాడని పెళ్ళిలో నలుగురూ అనుకోవాలి కదా. పర్సు తీశాను కూడా.

కుర్రాడే ఆపాడు. ముందు రిపేరు ఆయనకి చూపించమన్నాడు. పై అంతస్తులో, కొట్టు చివర బల్ల దగ్గర ఏప్రను కట్టుకుని కూర్చున్నాడాయన. అరవై దాటి ఉంటాయి. పెట్టె తెరిచి గిటారుని చూడగానే చిన్నగా నవ్వి, జపనీసులో "తిరిగొచ్చావా" అన్నాడు. నాతో కాదు.

తీగలు విప్పి, పైపలక ఊడదీసి, మల్టీమీటరు పెట్టాడు. మెడ దగ్గరి పికప్ 6 కిలో ఓమ్‌లకి కొంచెం పైన. మధ్యది కొంచెం కింద. బ్రిడ్జిది అసలు అంకె చూపించలేదు. తీగ ఎక్కడో తెగింది. చుట్ట చివర పచ్చగా చిలుము. "సముద్రం దగ్గరి ఊరా?" అన్నాడు. మళ్ళీ చుట్టించవచ్చు గానీ, పంపిస్తే రెండు నెలలు. నా టికెట్టు జనవరి చివర్లో.

"మీ అన్నగారు ఎలా వాయిస్తారు?" అని అడిగాడు. ఏం వాయిస్తారని కాదు, ఎలా అని. ఫోన్లో పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన ప్రోగ్రాం ఒకటుంది, పికప్ పోకముందుది. వినిపించాను. హెడ్‌ఫోన్ చెవులకి అదిమిపెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పాట అయిపోయాక రెండు సంగతులు చెప్పాడు.

ఒకటి. "ఈ హమ్ 50 హెర్ట్జ్‌ది. మా టోక్యోది కూడా అదే." నాకు తెలియని ముచ్చట ఇది. జపాన్‌లో కరెంటు రెండు రకాలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టోక్యో వాళ్ళు జర్మనీ జనరేటర్లు తెచ్చుకున్నారు, 50 హెర్ట్జ్. ఒసాకా వాళ్ళు అమెరికావి తెచ్చుకున్నారు, 60. ఇప్పటికీ ఫుజి నది దగ్గర్లో ఆ సరిహద్దు ఉంది. అంటే అన్నయ్య గిటారు రాజమండ్రిలో ఏ శ్రుతిలో గుయ్యిమనేదో టోక్యోలోనూ అదే శ్రుతిలో అంటుంది. ఒసాకా తీసుకెళితే శ్రుతి పెరుగుతుంది!

రెండోది అసలు సంగతి. గిటారు మీద స్విచ్చుకి మూడే గాడులు. ఒక్కో గాడికి ఒక్కో పికప్. కానీ క్యాసెట్లో వినిపించేది ఒక్క పికప్ కాదు, బ్రిడ్జిదీ మధ్యదీ కలిసిన చప్పుడు. ఆయన స్విచ్చు పక్కన ప్లాస్టిక్ మీద అరిగిన గీత వేలితో చూపించాడు. "మీ అన్నగారు స్విచ్చుని రెండు గాడుల మధ్య నిలబెట్టేవారు. ఆ రోజుల్లో అందరూ చేసేదే." ఫెండర్ వాళ్ళు 1977లో అయిదు గాడుల స్విచ్చు పెట్టింది ఈ అలవాటు చూసేనట. అన్నయ్య చిటికెన వేలు ఎప్పుడూ అక్కడే ఎందుకు ఆనేదో నాకప్పుడు తెలిసింది. ఏళ్ళ తరబడి చూశాను, చేతివాటం అనుకున్నాను.

ఖరీదైన సెట్టు వేస్తే? "నిశ్శబ్దంగా ఉంటుంది. మంచి గిటారే అవుతుంది. కానీ ఇది మాత్రం కాదు" అన్నాడు. మంచివిగా ఉన్న పాత రెండిటినీ ఎందుకు తీయాలి? చచ్చిపోయిన ఒక్కదాని చోట ఒక్కటి వేద్దాం, అయితే తిరగేసి చుట్టినది వేద్దాం అన్నాడు.

ఇందులో కిటుకేమిటంటే, హమ్‌కి అయస్కాంతంతో పనిలేదు. అది చుట్ట ఎటు తిరిగి ఉందో దాన్నే చూస్తుంది. చుట్టు దిశ మారిస్తే హమ్ తలకిందులవుతుంది. తీగ నాదం అలా కాదు, దానికి చుట్టూ అయస్కాంతమూ రెండూ కావాలి. రెండిటినీ తిరగేస్తే నాదం రెండుసార్లు తలకిందులై మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. అలాంటి పికప్‌ని మామూలు పికప్‌తో కలిపితే నాదం నాదానికి తోడవుతుంది, హమ్ హమ్‌ని కొట్టేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ ఒకే డబ్బాలో రెండు చుట్టలు పెట్టి హంబకర్ చేసింది ఈ కిటుకుతోనే. స్ట్రాట్‌లకి మధ్య పికప్‌గా ఇలా తిరగేసినవి విడిగా అమ్ముతారు. దాన్నే బ్రిడ్జి దగ్గర పెడితే సరి. అన్నయ్య వాయించే ఆ ఒక్క గాడిలో హమ్ ఉండదు. మిగతా చోట్ల ఉంటుంది.

చిన్న దిక్సూచి తెచ్చి పాత అయస్కాంతాల ధ్రువం చూశాడు. అర లోంచి సీమూర్ డంకన్ వాళ్ళ ఎస్ఎస్ఎల్-1, తిరగేసిన రకం తీశాడు. అంకె కూడా పాతవాటికి దగ్గరే, ఆరున్నర కిలో ఓమ్‌లు. పదమూడు వేల యెన్ల చిల్లర, దాంతోపాటు అయిదు గాడుల స్విచ్చు. బేరం లేదు. నాలుగో వంతు ఖర్చుతో బయటపడ్డా నాకు కొంచెం వెలితిగానే ఉంది. ఆయనకది తెలిసినట్టుంది. "ఎక్కువ ఖర్చు పెట్టాలనుంటే పెళ్ళికూతురికి ఏమైనా కొనండి" అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు, గిటారున్నవాళ్ళకి పనికొస్తుంది. పికప్ మార్చేముందు దాని ఎత్తు చూసుకోవాలి. పక్కనున్న స్క్రూ రెండు మరలు తిప్పితేనే గొంతు మారుతుంది. పెద్దగా వినిపించాలని తీగలకి మరీ దగ్గరగా ఎత్తితే అయస్కాంతం తీగని లాగి అపశ్రుతి పట్టిస్తుంది. కొత్తది కొన్న చాలామందికి కావలసింది స్క్రూడ్రైవరేనని ఆయన అభిప్రాయం. పికప్‌లు అమ్మే కొట్లో కూర్చుని!

తనే బిగిస్తానన్నాడు. అన్నయ్యకి ఫోన్ చేశాను. "వద్దు. లెడ్డు నువ్వు పెట్టు, నేను చెబుతా" అన్నాడు. చచ్చిన పికప్‌ని కూడా పారేయకుండా కాగితంలో పొట్లం కట్టించుకున్నాను.

సోల్డరింగ్ ఐరన్ కోసం అకిహబరా నడిచాను. రైలెక్కితే పక్క స్టేషనే, నడక పావుగంట. హిజిరిబషి వంతెన మీద కాసేపు ఆగాను. ఈ పక్క 1891లో కట్టిన నికొలాయ్ చర్చి గుమ్మటం, ఆ పక్క కన్‌ఫ్యూషియస్ ఆలయం. రెండు పుణ్యస్థలాల్ని కలుపుతుంది కాబట్టి దానికి పవిత్ర వంతెన అని పేరు. కింద నారింజ రైలు, పసుపు రైలు, నది మీదుగా ఎర్ర రైలు. మూడూ ఒకేసారి వస్తాయని కెమెరాలతో ఎదురుచూసేవాళ్ళ మధ్య, గిటారు పెట్టెతో నేను.

అకిహబరా ఇప్పుడు బొమ్మలకీ ఆటలకీ పేరుపడింది గానీ, దాని పునాది రేడియో. యుద్ధం తర్వాత రోడ్డు మీద రేడియో విడిభాగాలు అమ్ముకున్నవాళ్ళు రైలు కట్ట కిందికి చేరి కొట్లు పెట్టారు. రేడియో సెంటర్ అనే ఆ ఇరుకు సందుల్లో ఇప్పటికీ డబ్బాల నిండా రెసిస్టర్లు, స్విచ్చులు, వైర్లు. ఒక్క మనిషి పట్టే కొట్టులో ముసలాయన, ముందు టేబుల్ లైటు. మా అన్నయ్య షాపు వాసనే అక్కడ. అన్నట్టు స్ట్రాట్‌ని తయారుచేసిన లియో ఫెండర్ కూడా 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్నవాడే.

మర్నాడు ఆదివారం. మాకు మధ్యాహ్నం మూడున్నర, రాజమండ్రిలో పన్నెండు. ఫోన్ని డబ్బాకి ఆనించి వీడియో కాల్ పెట్టాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అన్నయ్య స్క్రీన్‌కి మరీ దగ్గరగా వచ్చేశాడు. "ముందు వైరు వేడెక్కనీ. ఐరన్ మీద కాదు, వైరు మీద కరగాలి లెడ్డు. ఊదకు, ఊదకు! దానంతటదే ఆరనీ." మొదటి టాకా మసిబారి రాలిపోయింది. రెండోదీ అంతే. మూడోది వెండిలా మెరిసింది. "ఆఁ, అలా" అన్నాడు.

తీగలు ఎక్కించి, తన చెవితోనే శ్రుతి చేయించి, ఆంప్లిఫయరు పెట్టాను. స్విచ్చు మొదటి గాడిలో ఉంది. గుయ్యిమంది. రెండో గాడికి జరిపాను.

"ఏరా, ఫోను కట్టయిందా? ఏం వినపడట్లేదు."

"పోయింది అన్నయ్యా."

కాసేపు మాట్లాడలేదు. "మళ్ళీ మొదటిదాంట్లో పెట్టు" అన్నాడు. గుయ్యి. "ఇప్పుడు రెండు." ఏమీ లేదు. అలా నాలుగైదుసార్లు తిప్పించాడు.

"వాయించు."

"నాకేం వచ్చు అన్నయ్యా?"

"ఒక్కో తీగా మీటు చాలు."

పై నుంచి ఆరు తీగలూ ఒక్కొక్కటీ మీటాను. చివరి తీగ ఇంకా మోగుతుండగానే ఫోన్‌లో ఎక్కడో వెనక నుంచి, వంటింట్లోంచి కాబోలు, వదిన గొంతు వినిపించింది.

"ఏవండీ, అది మన గిటారేనా?"