దారిమీది గురుతులు

ఉప్పల్ కూడలినుండి నాచారమునకు పోవు బాటలో మేము తరచుగా నడచుచుందుము. పారిశ్రామికవాడకు పోవు లారీలును, కార్లును అచ్చట ఎడతెగక సాగుచుండును. గడచిన వేసవిలో ఆ బాటప్రక్కన, మా వీధిని పూలమ్ము నామెను ఒక కారు కొట్టగా కాలు విరిగెను. కొందరామెను వెంటనే ఆసుపత్రికి చేర్చిరి. ఒక విద్యార్థిని మాత్రము నిలిచి, కారును తొలగింపకమునుపే దాని నంబరును, చక్రములు ఈడ్చిన నల్లచారలను, బాట అంచున పడియున్న పూలబుట్టను, ప్రక్క దుకాణపు పేరుపలకను తన ఫోనున ఛాయాచిత్రములు తీసెను. సాయంకాలమునకు బండ్ల రాకపోకలచే ఆ గురుతులన్నియు మాసిపోయెను. మూడవనాడు కారువారు, ఆమెయే బాట నడుమకు వచ్చినదనిరి! తీర్పింకను రాలేదు గాని, నేడామె పక్షమున పలుకునవి ఆ చిత్రములే.

ఆమెకొఱకు విచారింపగా మాకు తెలిసిన సంగతులివి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 166వ సెక్షనుచే గాయపడినవారు ట్రిబ్యునలునందు పరిహారము కోరవచ్చును. అర్జీకి ఆరుమాసముల గడువు విధించిన 2019 నాటి సవరణము 2022 ఏప్రిల్ 1 నుండి అమలైనది, కావున జాగుచేయరాదు. సదుద్దేశముతో ఆదుకొనువారికి 134ఏ సెక్షను రక్షణయొసగును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ననుసరించి, ఫోను చిత్రములకు ధ్రువపత్రము జతపరుపవలెను. కనుక తీసినవారి పేరును, చిరునామాను అడిగి వ్రాసికొనవలెను, మూలచిత్రమును చెఱిపివేయరాదు.

ముందు ప్రాణరక్షణము, పిదపనే ఛాయాచిత్రము. కాలినడకయే జీవనాధారమైన స్త్రీకి ఆ నాలుగు చిత్రములు ఎంతటి అండయో యోచించి, మన బిడ్డలకీ సంగతి బోధింతము.