బంజరన్నారు... ఈతచెట్లు లేచాయి!

రెవెన్యూ రికార్డుల్లో అది పనికిరాని భూమి. గొర్రెల కాపరికి అది మేత, గంపలల్లే ఇంటికి కూడు, కింది ఊరి చెరువుకు నీరు. సీకేపల్లి గుట్టల్లో మూడు దశాబ్దాలుగా పెరుగుతున్న కల్పవల్లి అడవికి ఓసారి వెళ్లొద్దాం రండి.

అనంతపురం నుంచి బెంగళూరు హైవే ఎక్కితే కాసేపటికి రెండు పక్కలా గుట్టలే గుట్టలు. గుండ్ల మీద గుండ్లు, ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు. మధ్యలో వేరుశనగ చేలు, అదీ వాన పడితే. ఇక్కడ ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటని బళ్లో చదువుకున్నాం గుర్తుందా! 2022లో ఆ జిల్లా రెండయింది. నేను వెళ్తున్న చెన్నేకొత్తపల్లి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా వాన లెక్క మారలేదు.

అన్నట్టు, చెన్నేకొత్తపల్లి అని పూర్తిగా పలికితే కొత్తవాళ్లని తెలిసిపోతుంది. అందరూ సీకేపల్లి అనే అంటారు.

ఈ కథ 32 ఎకరాలతో మొదలైంది. 1990లో సి.కె.గంగూలీ (అందరికీ బబ్లూ), మేరీ వట్టమట్టం, మరికొందరు మిత్రులు కలిసి ఇక్కడ ఒక బీడు కొన్నారు. చెట్టూ చేమా లేని నేల. దానికి ‘టింబక్టు’ అని పేరు పెట్టుకున్నారు. సహారా ఎడారి అంచున, మాలి దేశంలో ఉన్న ఊరి పేరది. నేలా నింగీ కలిసే చోటు అని వాళ్లు చెప్పుకొన్న అర్థం. అప్పట్లో ఆ బీడును చూసినవాళ్లకు ఎడారి పేరే సరిపోయిందనిపించి ఉంటుంది. జపాన్ రైతు ఫుకువోకా ఆలోచనలంటే బబ్లూకి ఇష్టం. నేలను దాని మానాన వదిలేస్తే అదే కోలుకుంటుందన్న నమ్మకం అక్కణ్నుంచి వచ్చిందే. అయితే వదిలేయడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. గొడ్డలి పడకుండా, నిప్పు తగలకుండా కాపలా కాయాలి. వాన నీరు పరుగెత్తి పోకుండా కట్టలు వేయాలి. కొన్నేళ్లకు మట్టి కింద బతికే ఉన్న పాత వేళ్లు చిగురు వేశాయి. అదే టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థకు తొలి పాఠం.

ముప్పై రెండెకరాల్లో సాధ్యమైనది వేల ఎకరాల్లో ఎందుకు కాదు? 1990ల తొలినాళ్లలో ముష్టికోవెల గ్రామస్థులతో కలిసి ఊరి వెనకున్న గుట్టల మీద పని మొదలుపెట్టారు. ఒక్కో ఊరూ చేయి కలిపింది. ఏడు వేల ఎకరాల పైచిలుకు ఉమ్మడి భూమి కాపలా కిందికి వచ్చింది. దానికే కల్పవల్లి అని పేరు. 2008లో గ్రామస్థులు అదే పేరుతో సహకార సంఘమూ పెట్టుకున్నారు.

అడవి అనగానే ఆకాశాన్నంటే చెట్లను ఊహించుకుని వెళ్తే మాత్రం నిరాశ తప్పదు. నేనూ మొదట కాస్త చప్పబడ్డాను. నడుము ఎత్తు గడ్డి, తంగేడు పొదలు, అక్కడక్కడా వేప, కానుగ, సీతాఫలం... ఇంతేనా అనిపించింది. వంకలోకి దిగాక తెలిసింది అసలు సంగతి. వంక పొడవునా ఈతచెట్లు! ఈత ఉందంటే కింద తడి ఉన్నట్టే. ఆ ఈతాకుతో చాపలు, గంపలు, చీపుర్లు తయారవుతాయి. గుట్ట మీది బోదగడ్డి ఇళ్ల కప్పులకు పనికొస్తుంది. కరవు ఏడాదిలో పశువుల్ని అమ్ముకోకుండా నిలబెట్టేది ఈ గడ్డే. గుట్ట మీద పడిన వాన ఇంకి, వంకల్లోకి మెల్లగా దిగి చెరువు చేరుతుంది. చెట్టుతో పాటు తోడేలు, ఎలుగుబంటి, చిరుత కూడా తిరిగొచ్చాయి. తోడేలంటే గొర్రెలవాళ్లకు ముచ్చటేమీ కాదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి కదా!

ఈ అడవికి పెద్ద శత్రువు వేసవి. ఎండిన గడ్డికి ఒక్క బీడీ ముక్క చాలు. గాలి తోడైతే గుట్టకు గుట్టే బూడిద. అందుకే మంటలు దాటకుండా గడ్డిని బారుగా చెక్కి ఫైర్‌లైన్లు వేస్తారు. నిప్పు కనిపిస్తే పచ్చి కొమ్మలు పట్టుకుని పరుగెడతారు. ఫైరింజన్ ఎక్కలేని గుట్టలివి.

నిప్పుకైతే కొమ్మలున్నాయి. కాగితానికి ఏం చేయాలి? ఎంత పచ్చబడ్డా రికార్డుల్లో ఈ నేల బంజరే. 2010 ప్రాంతంలో గుట్టల మీదికి గాలిమరలు వచ్చాయి. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం గాలి విద్యుత్తుకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. బంజరు భూమి కాబట్టి ఇవ్వడానికీ అడ్డు లేదు. ఒక్కో మర అంత ఎత్తున నిలబడాలంటే రెక్కలు మోసుకొచ్చే ట్రెయిలర్లు గుట్టెక్కాలి. వాటికి వెడల్పాటి రోడ్లు కావాలి. రోడ్ల కోసం గుట్టల్ని తొలిచారు. తవ్విన మట్టి వాన నీటితో వంకల్లోకి దిగింది. ఇరవై ఏళ్లు కాపాడుకున్న మేత భూమి చీలికలైంది. తగవు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

బొగ్గు పొగ కంటే గాలి మేలే, అందులో నాకు సందేహం లేదు. నా ఇంట్లో ఫ్యాను తిరిగేదీ కరెంటుతోనే. కానీ ఆ మర నిలబడ్డ చోట అంతకుముందు ఏముందో చూడకుండానే ‘ఖాళీ స్థలం’ అనుకోవడమే మింగుడుపడలేదు. గుట్ట కొన మీద నిలబడితే రెండూ ఒకేసారి కనిపిస్తాయి. పైన తెల్లటి రెక్కలు గుయ్యిమంటూ తిరుగుతుంటాయి. కింద ఈత వరసలో గొర్రెల మంద నీళ్లకు దిగుతుంటుంది.

వెళ్లాలనుకుంటే వానలు పడ్డాక, సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపు మంచిది. రైల్లో అయితే ధర్మవరంలో దిగి రోడ్డు మార్గాన సీకేపల్లి చేరుకోవచ్చు. సంస్థవాళ్లకు ముందే చెప్పి వెళ్లాలి, ఎందుకంటే ఇది పార్కు కాదు, టికెట్టూ ఉండదు. తిరుగు ప్రయాణంలో పెనుకొండ కోటనూ, హిందూపురం మీదుగా లేపాక్షినీ చూడొచ్చు. అగ్గిపెట్టె మాత్రం బండిలోనే వదిలేయండి. సంక్రాంతి దాటితే గడ్డి ఎండిపోతుంది. మళ్లీ కాపలా రోజులు మొదలవుతాయి.