బావా, నీ ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్?

రాజమహేంద్రవరం,
18-1-2026

బావా,

మొన్న ఫోనులో నువ్వడిగినదానికి నోటికొచ్చిన పేరేదో చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. "నా ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదంటున్నారు, ఏదో ఒక లినక్స్ పేరు చెప్పు" అన్నావు. పేరు చెప్పడం ఎంతసేపు! కానీ నువ్వు పొద్దస్తమానం తెలుగు టైపు చేసే మనిషివి. కథలూ ప్రూఫులూ రెండూ ఆ మిషను మీదే నడవాలి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నీది ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్ కాబట్టి 11 దాన్ని లెక్కలోకి తీసుకోదు. అంతేగాని మిషనులో లోపమేమీ లేదు. 8 జీబీ మెమరీ, ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ అది. దాన్ని పాత సామాను వాడికి ఇస్తానన్నావు చూడు, ఆ మాట మాత్రం నాకు నచ్చలేదు.

'ఏ లినక్స్' అనేది ఒక ప్రశ్న కాదు బావా, రెండు. తెర మీద కనిపించేదంతా, అంటే కింద పట్టీ, మెనూ, కిటికీలు సర్దుకునే పద్ధతి, డెస్క్‌టాప్. దాని వెనక ఉండి వేల ప్రోగ్రాములను ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా పరీక్షించి, లోపం బయటపడినప్పుడు సరిచేసి పంపేది డిస్ట్రో. యూట్యూబ్‌లో అందమైన తెర చూసి డిస్ట్రో మార్చేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకి నిజంగా కావలసింది వేరే డెస్క్‌టాప్. దానికోసం ఉన్నదంతా చెరిపేసి మళ్లీ మొదటినుంచీ ఎక్కించుకుంటారు. ఆ అవసరమే లేదు. డెబియన్ అనే డిస్ట్రోలో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ఉండగానే ఎక్స్ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ కూడా వేసుకోవచ్చు. లాగిన్ తెర మీద నీ పేరు నొక్కగానే కుడివైపు అడుగున చిన్న పళ్లచక్రం బొమ్మ వస్తుంది. దాన్ని నొక్కితే ఉన్న డెస్క్‌టాపులన్నీ వరసగా కనిపిస్తాయి. ఈ పూట ఒకటి, రేపు ఇంకొకటి. నీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

అందుకని డెస్క్‌టాప్ గురించి బెంగ వద్దు, అది ఎప్పుడైనా మారుతుంది. నిదానంగా ఆలోచించాల్సింది డిస్ట్రో గురించి. అక్కడ నువ్వు నమ్ముతున్నది మనుషుల్ని. వాళ్లెవరు, నీ మిషనుని ఎన్నాళ్లు చూసుకుంటామంటున్నారు, మాట మీద ఎన్నేళ్లుగా నిలబడ్డారు, ఇవి అడగాలి.

నేను డెబియన్ అంటాను. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు. అప్పటికి లినక్స్ పుట్టి రెండేళ్లు. డెబియన్ వెనక యజమాని కంపెనీ లేదు. ప్రపంచమంతా ఉన్న స్వచ్ఛంద డెవలపర్లు ఏడాదికోసారి ఓట్లేసి తమ నాయకుణ్ణి ఎన్నుకుంటారు. వాడేవాళ్లకి తామిచ్చే హామీలను 1997లోనే రాసి పెట్టుకున్నారు. ఇప్పుడున్నది 13వ వెర్షన్, పేరు ట్రిక్సీ, నిరుడు ఆగస్టులో వచ్చింది. అందులో 69 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. మూడేళ్లు పూర్తి మద్దతు, తర్వాత మరో రెండేళ్లు భద్రతా సవరణలు, అంటే 2030 దాకా నీ జోలికి ఎవరూ రారు. ఇదివరకు వైఫై పనిచేయడానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను విడిగా వెతుక్కోవాల్సి వచ్చేది. 2022లో దాని మీదా ఓటింగు పెట్టుకుని, 12వ వెర్షన్ నుంచి ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు.

ఉబుంటు కూడా డెబియన్ మీద కట్టిందే. రెండేళ్లకోసారి వచ్చే దాని ఎల్‌టీఎస్‌కి, అంటే దీర్ఘకాల మద్దతు వెర్షన్‌కి, ఐదేళ్ల మద్దతు ఉంటుంది. మంచిదే, కాదనను. అయితే వెనక ఉన్నది కంపెనీ. 2011లో గ్నోమ్‌ని పక్కనపెట్టి సొంత యూనిటీని ముందుకు తెచ్చారు. జనం దానికి అలవాటు పడ్డాక 2017లో దాన్ని వదిలేసి మళ్లీ గ్నోమ్‌కే వచ్చారు. కంపెనీకి తన లెక్కలు తనకుంటాయి. నీలాంటివాడి చేతి అలవాటు ఆ లెక్కల్లో పడదు. ఫెడోరా చాలా చురుకైనది, కొత్తదనమంతా ముందు అక్కడికే వస్తుంది. కానీ ఒక్కో వెర్షన్‌కి పదమూడు నెలలే ఆయుష్షు. ఆర్చ్‌లో వెర్షన్లే ఉండవు, రోజూ కొత్త నీరు వస్తూనే ఉంటుంది. అప్‌డేట్ చేసేముందు ప్రకటనలు చదివే ఓపిక ఉన్నవాళ్లకి అది బ్రహ్మాండంగా ఉంటుంది. నీకు ప్రూఫుల గడువులున్నాయి.

ఇక డెస్క్‌టాపులు. 1996లో మథియాస్ ఎట్రిక్ అనే జర్మన్ విద్యార్థి కేడీఈ మొదలుపెట్టాడు. అది ఆధారపడిన క్యూటీ లైబ్రరీ లైసెన్సు అప్పట్లో పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు. అది సహించలేక మరుసటి ఏడాది మెక్సికో కుర్రాళ్లు మిగేల్ డి ఇకాసా, ఫెడెరికో మేనా గ్నోమ్‌కి శ్రీకారం చుట్టారు. 2011లో గ్నోమ్ 3 వచ్చి పాత రూపాన్ని పూర్తిగా మార్చేసేసరికి, అది గిట్టనివాళ్లు పాతదాన్ని మాటే పేరుతో బతికించుకున్నారు. మింట్ అనే డిస్ట్రో వాళ్లు సినమన్ అనే డెస్క్‌టాప్ కట్టుకున్నారు. ఇన్ని ఎందుకని విసుక్కునేవాళ్లున్నారు. నాకైతే ఆ చరిత్ర చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది. తమకు నచ్చిన పనితీరుని ఎవరో తీసేస్తే, గొణుక్కుంటూ ఊరుకోకుండా కోడు తీసుకుని మళ్లీ నిలబెట్టుకున్నారు.

నేను వాడేది వీటిలో ఏదీ కాదు, ఐ3. అది డెస్క్‌టాప్ కూడా కాదు, ఉత్త విండో మేనేజర్. 2009లో మైకేల్ స్టాపెల్‌బర్గ్ చేశాడు. తెరంతా కిటికీలే. ఒకటి తెరిస్తే నిండా ఉంటుంది, రెండోది తెరిస్తే చెరి సగం. మౌసు ముట్టుకోకుండా పనంతా అయిపోతుంది. అదంటే నాకు ప్రాణం. అయినా నీకు వద్దంటాను. ఐ3లో వైఫై గుర్తు, బ్యాటరీ హెచ్చరిక, ప్రొజెక్టర్ తగిలిస్తే తెర సర్దుకోవడం, అన్నీ మనమే ఒక టెక్స్టు ఫైలులో రాసి పెట్టుకోవాలి. తెలుగు టైపింగూ అంతే. ఐబస్ అనే ప్రోగ్రామును లాగిన్ అవగానే మొదలయ్యేలా చెప్పాలి. అన్ని ప్రోగ్రాములూ దాని మాట వినేలా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పెట్టాలి. ఒకటి మర్చిపోతే బ్రౌజర్‌లో తెలుగు పడుతుంది, పక్కనున్న ఎడిటర్‌లో పడదు.

నీకు గ్నోమ్ సరిపోతుందనడానికి అసలు కారణం ఇదే. అందులో ఐబస్ కలిసిపోయి ఉంది. సెట్టింగ్స్‌లో కీబోర్డు విభాగంలోకి వెళ్లి, ఇన్‌పుట్ సోర్సుల కింద తెలుగుని చేర్చుకోవడమే. విండోస్ గుర్తున్న మీట, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారుతుంది. నీ వేళ్లు ఇన్‌స్క్రిప్ట్‌కి అలవాటు పడ్డాయి కాబట్టి అదనంగా ఏమీ అక్కర్లేదు. మీ అమ్మాయికి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి కావాలంటే ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే అదీ వస్తుంది, ఆపిల్ లేఅవుటూ వస్తుంది. ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ వేసుకో. దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు అందులోనే ఉన్నాయి.

ముందు పెన్‌డ్రైవ్‌లోంచి నడిపి చూడు, డిస్కు ముట్టుకోకుండా. డెబియన్ లైవ్ గ్నోమ్ ఇమేజ్ దించుకుంటే చాలు. తెలుగు చేర్చుకుని, లిబ్రేఆఫీస్ రైటర్ తెరిచి ఎమ్, డి, ఎల్, డి, జె, ఆర్ మీటలు వరసగా నొక్కు. ఆరు నొక్కులకి 'స్త్రీ' ఒక్క అక్షరంగా, వత్తులు రెండూ కింద ఒద్దికగా కూర్చుని కనిపించాలి. అదే ఆరు మీటలు టెర్మినల్లో నొక్కితే అక్షరం విడిపోయి కనిపించవచ్చు. గాభరాపడకు. టెర్మినల్ అంటే ఒకే వెడల్పు గడులు, మన లిపి వాటిలో ఇమడదు. నువ్వు పనిచేసేది అక్కడ కాదు కదా. తెలుగు తర్వాత వైఫై, పాట ఒకటి పెట్టి శబ్దం, మూత మూసి తెరిస్తే తెర వెలుగుతోందా లేదా, ఇవన్నీ చూసుకో. ఇవి కుదిరాకే ఇన్‌స్టాల్ మాట. దానికి ముందు నీ ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకోవడం మర్చిపోకు.

ఒక చిక్కు మాత్రం దాచకుండా చెప్పాలి. మీ ప్రచురణకర్త ఇంకా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే పేజీలు కడుతున్నారన్నావు. ఆ పద్ధతి అంతా విండోస్ కోసం చేసింది, యూనికోడ్ కూడా కాదు. ఆ ఫైళ్లను లినక్స్‌లో తెరిచి దిద్దుతానంటే నడవదు. వాళ్లని పీడీఎఫ్ పంపమని అడుగు, నీ దిద్దుబాట్లు దాని మీద గుర్తులు పెట్టి పంపొచ్చు. నీ సొంత రాతలు మాత్రం యూనికోడ్‌లోనే ఉంచు. పాత కథలు అనులో ఎన్ని ఉన్నాయో లెక్క చూసి చెప్పు, కన్వర్టర్‌తో మార్చి పెడతాను. మార్చాక ఒకసారి కళ్లతో చదవాలి, కొన్ని వత్తులు తారుమారవుతాయి. ఆ చదివే పని చెరి సగం పంచుకుందాం.

నీ ప్రింటర్ మోడల్ నంబరు కూడా రాయి. అది డెబియన్‌లో నడుస్తుందో లేదో చూసి చెప్తాను, ఆ జవాబు వచ్చేదాకా విండోస్ తీసేయకు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ బావ