పర్దా వెనక ఆంప్లిఫయర్

మా మామూజాన్‌కి పాటల షౌక్ ఈనాటిది కాదు. జిద్దాలో ఇరవై రెండేళ్లు డ్రైవరుగా పనిచేసి తిరిగొచ్చినప్పుడు ఆయన సామాన్లలో అన్నిటికంటే బరువైనవి ఒక జపాన్ ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు. కర్నూలు ఇంట్లో పెద్ద గది వాటిదే. మెహదీ హసన్ గజళ్లు, మన హైదరాబాదు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీలు, నుస్రత్ సాబ్ ఆలాప్. రాత్రి భోజనం తర్వాత ఒక గంట ఆయన్ని ఎవరూ పలకరించకూడదు.

ఈ మధ్య ఒక దుకాణంలో ఆయనకి కొత్త ఆంప్లిఫయర్ వినిపించారు. ధర 85 వేలు. "పాతదాంట్లో జాన్ లేదు బేటా. కొత్తదాంట్లో తబలా మన ఎదురుగా కూర్చుని వాయించినట్టుంది" అన్నారు. వారం రోజులు ఇంట్లో విని చూడమని దుకాణంవాళ్లే పంపించారు. ఆ 85 వేలు ఎక్కడివో నాకు తెలుసు. ముమానీ మోకాలి ఆపరేషన్‌కని తీసిపెట్టినవి. ఆమె ఆయనతో ఒక్క మాట అనలేదు. వంటింట్లో చాయ్ వడగడుతూ నన్నడిగింది, "నిజంగా అంత ఫరక్ ఉంటుందా బేటా? సచ్ చెప్పు" అని.

నేను చెప్తే మామూ వింటారా? ఆయన చెవులే గవాహీ చెప్పాలి. అందుకే స్విచ్ బాక్స్ తెప్పించాను. రెండు ఆంప్లిఫయర్ల తీగలు దానికి కలిపితే, మీట తిప్పగానే స్పీకర్లు ఒకదాని నుంచి రెండోదానికి మారతాయి. తీగలు విప్పి మళ్లీ బిగించడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆలోపు చెవి మొదటి ఆవాజ్‌ని సగం మర్చిపోతుంది. బాక్స్ ఉంటే ఆ గొడవ లేదు.

లేకిన్ ముందు ఇమ్తెహాన్ బాక్స్‌కే పెట్టాలి. గవాహీ తీసుకునే అదాలతే వంకరగా ఉంటే ఇక ఇంసాఫ్ ఎక్కడ?

మూత విప్పి మల్టీమీటర్ పెట్టాను. ఒక చివర నల్ల టెర్మినల్ మీద, రెండో చివర ఇంకో నల్ల టెర్మినల్ మీద పెడితే బీప్ అంది. నల్లవన్నీ లోపల ఒకే తీగతో కలిపేసి ఉన్నాయి, మీట ఎర్ర తీగల్ని మాత్రమే మారుస్తోంది. చాలా పాత ఆంప్లిఫయర్లకి దీనితో ఇబ్బంది ఉండదు, వాటిలో నల్ల టెర్మినల్ అంటే గ్రౌండే. కొత్త క్లాస్-డి రకాల్లో చాలావాటికి ఎరుపులోనూ నలుపులోనూ కరెంటు సిగ్నల్ ఉంటుంది. అలాంటిదాని నల్ల తీగని పాతదాని గ్రౌండ్‌తో కలిపితే షార్ట్ అయినట్టే. మామూ ఇంటికొచ్చింది సరిగ్గా ఆ రకమే. నేరుగా తగిలించి ఉంటే దుకాణంవాళ్ల సామాను కాలిపోయేది, ముమానీ డబ్బు ఎటూ పోయేది.

హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో నాలుగు పోళ్లు, మూడు స్థానాలు ఉన్న గట్టి రోటరీ స్విచ్ కొన్నాను. కుడి ఎరుపు, కుడి నలుపు, ఎడమ ఎరుపు, ఎడమ నలుపు, నాలుగూ కలిసి మారాలి. మధ్య స్థానం ఖాళీ. దాంతో మీట ఒకదాన్ని పూర్తిగా వదిలాకే రెండోదాన్ని పట్టుకుంటుంది. ఒక్క క్షణం రెండు ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్లు కలిసినా ప్రమాదమే. మీటర్‌ని రెండు ఎర్ర టెర్మినళ్ల మీద పెట్టి మీటని మెల్లగా ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పాను. ఒక్కసారీ బీప్ రాలేదు. అప్పుడు తసల్లీ కలిగింది.

తర్వాతది వాల్యూమ్. అసలు కథంతా ఇక్కడే ఉంది. కొంచెం పెద్దగా వినిపించేదాన్ని మన చెవి "పెద్దగా ఉంది" అనుకోదు, "బాగుంది" అనుకుంటుంది. శబ్దం పెరిగేకొద్దీ తబలా డగ్గా లాంటి మంద్రస్వరాలు మరింత నిండుగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని గీతలు గీసి చూపించారు. మామూ తనకి నచ్చిన చోట రెండు నాబ్‌లూ పెట్టాక 100 హెర్ట్జ్ టోన్ వేసి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలిచాను. పాతది 2.0 వోల్టులు, కొత్తది 2.6. అంటే కొత్తది రెండు డెసిబెళ్లకు పైనే ఎక్కువ. ఆయన చెప్పిన జాన్‌లో ఎంత వాటా దానిదో! రెండింటినీ 2.00 వోల్టులకి తెచ్చాను. నూటికి ఒక వంతు తేడా మిగిలినా అది 0.1 డెసిబెల్ లోపే.

ఇక పర్దా. ఆంప్లిఫయర్ల ముందు ముమానీ పాత దుప్పటి కట్టాం. మామూ మనవడు దాని వెనక కూర్చుని, బొమ్మా బొరుసా వేసి, ఏది వస్తే దానికి మీట తిప్పి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. మీట చప్పుడు ఎప్పుడూ ఒకేలా ఉండాలని ప్రతిసారీ ముందు ఖాళీ స్థానానికి తెచ్చి తిప్పమన్నాను. నా మొహం చూసి మామూ కనిపెట్టకుండా నేను వరండాలో కూర్చున్నా. మొత్తం పదహారు సార్లు. ఊరికే ఊహించి చెప్తే పన్నెండు, ఆపైన సరిగ్గా రావడం వందలో నాలుగుసార్లకి మించదు కాబట్టి, పన్నెండు వస్తే ఫరక్ ఉన్నట్టేనని మామూ కూడా ముందే ఒప్పుకున్నారు.

ఆయనకి తొమ్మిది వచ్చాయి. తర్వాత నేను కూర్చుంటే ఏడు.

గదిలో కాసేపు ఖామోషీ. "ఆ రోజు జలుబుగా ఉంది" అని ఆయన ఇప్పటికీ అంటారు. అలాగని ఆంప్లిఫయర్లన్నీ ఒకటేనని నేననను. షాదీ హాల్‌లో పెట్టినంత వాల్యూమ్ పెడితే, లేదా 4 ఓమ్‌ల బరువైన స్పీకర్లు తగిలిస్తే పాతది అలసిపోవచ్చు. ఆ గదిలో, ఆయన వినే వాల్యూమ్‌లో మాత్రం మా ఇద్దరికీ ఫరక్ దొరకలేదు.

స్పీకర్ల సంగతి వేరు. పక్కింటివాళ్ల చిన్న స్పీకర్లు తెచ్చి, బాక్స్‌ని తిరగేసి ఒకే ఆంప్లిఫయర్‌కి రెండు జతలూ కలిపాను. ఇక్కడ వోల్టేజీ సమానం చేస్తే చాలదు, ఒకే వోల్టేజీకి ఒక్కో స్పీకరు ఒక్కోలా మోగుతుంది. సోఫా దగ్గర ఫోన్‌లోని సౌండ్ మీటరుతో సమానం చేశాను. అదీ పూర్తి ఇంసాఫ్ కాదు, రెండు జతలూ గదిలో ఒకే చోట ఉండవు కదా. అయినా దేనికీ దుప్పటి అవసరం పడలేదు. వంటింట్లోంచే ముమానీ, "మొదటివి గరగరమంటున్నాయేమిటి?" అంది. మొదటివి మామూవే. జాలీ తీసి చూస్తే ఊఫర్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు బిస్కెట్‌లా పొడి అవుతోంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఫోమ్‌కి జరిగేది అంతే. పాతదానికి జాన్ లేదని మామూ అన్నది నిజమే, జాన్ పోయిన చోటు ఆంప్లిఫయర్ కాదు.

రెండు ఊఫర్లకీ కొత్త అంచులు అంటించడానికి మూడు వేలు అయ్యాయి. కొత్త ఆంప్లిఫయర్ డబ్బాలోకి ఎక్కి దుకాణానికి వెళ్లిపోయింది. ఆపరేషన్‌కి వచ్చే నెల తారీఖు ఇచ్చారు, దువా చేయండి.

బాక్స్ నా దగ్గరే ఉంది. మీలో ఎవరికైనా కావాలంటే ఖుషీగా పట్టుకెళ్లండి. వాల్వుల ఆంప్లిఫయర్ ఉన్నవాళ్లకి మాత్రం ఇవ్వను. వాటిని స్పీకరు లేకుండా ఒక్క క్షణం కూడా నడపకూడదు, ఈ మీటకేమో మధ్యలో ఖాళీ ఉంది.